చూపు, వినికిడి తగ్గిన ఇంటికి ఏ పుస్తకం పనికొస్తుంది?

68 ఏళ్ల తండ్రికి కంటి మధ్యభాగంలో చూపు పోతోందని డాక్టర్ చెప్పారనుకుందాం. కొడుకు కంగారుపడి, ఆ జబ్బు మీద మంచి పుస్తకం ఏదో వెతికి తెప్పించాడు. రెండు రాత్రులు కూర్చుని చదివాడు. కొంత ధైర్యం వచ్చింది. "నాన్నా, మీరూ చదవండి, చాలా బాగా రాశారు" అని తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేశారు. పుస్తకం మామూలు సైజు అక్షరాల్లో అచ్చయింది. చూపు పోతున్నవాళ్ల గురించి రాసిన ఆ పుస్తకాన్ని, చూపు పోతున్న ఆయనే చదవలేకపోయారు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పుస్తకం అనే ఒకే మాటతో మనం రెండు వేర్వేరు వస్తువుల్ని పిలుస్తున్నాం. ఒకటి, ఆ లోపం గురించి ఇంట్లోవాళ్లకు చెప్పే పుస్తకం. ఇంకొకటి, ఆ లోపం ఉన్న మనిషి ఎవరి సాయమూ లేకుండా చదువుకోగలిగే పుస్తకం. ఈ రెండోది జబ్బు గురించే ఉండక్కర్లేదు. డిటెక్టివ్ నవల కావచ్చు, కవిత్వం కావచ్చు, పిల్లల కథ కావచ్చు. డాక్టర్ దగ్గర్నుంచి ఇంటికొచ్చిన మొదటి వారంలో అందరి దృష్టీ మొదటి రకం మీదే ఉంటుంది. అది సహజమే. కానీ ఆ మనిషికి రోజూ కావలసింది రెండో రకం. ఈ వ్యాసంలో రెండింటినీ విడదీసి చూద్దాం.

60 డెసిబెల్స్ అంటే 60 శాతం కాదు

ఏ పుస్తకం తెరిచినా ముందు ఎదురయ్యేవి రిపోర్టుల్లోని అంకెలే. వాటిని తప్పుగా అర్థం చేసుకుంటే, తర్వాత చదివేదంతా తప్పు దారి పడుతుంది.

చూపు కొలతలో 6/60 అని రాస్తే, మామూలు చూపున్నవాళ్లు 60 మీటర్ల దూరం నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని ఈ మనిషి 6 మీటర్ల దగ్గరికి వస్తేనే గుర్తుపడతాడని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, రెండింటిలో మెరుగైన కంటికి కూడా చూపు 3/60 కన్నా తక్కువైతే దాన్ని అంధత్వం అంటారు. 6/18 కన్నా తక్కువగా ఉండి ఆ హద్దు దాకా వెళ్లనివాళ్లది మధ్య స్థాయి నుంచి తీవ్ర స్థాయి లోపం. అంటే అంధత్వం అని రాసి ఉన్నా పూర్తి చీకటి అని కాదు. చాలామందికి వెలుతురో, ఆకారాలో, ఎంతో కొంత కనిపిస్తూనే ఉంటాయి. "గుడ్డివాడంటారు, మరి ఫోన్ ఎలా చూస్తున్నాడు?" అనే అనుమానం, ఒక్కోసారి సొంత ఇంట్లోనే పుట్టే నింద, ఈ సంగతి తెలియకే వస్తుంది.

వినికిడిని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 60 డెసిబెల్స్ లోపం అంటే వినికిడిలో 60 శాతం పోయిందని కాదు. అంత పెద్ద శబ్దమైతేనే ఆ చెవికి వినబడడం మొదలవుతుందని. మామూలుగా మాట్లాడుకునే గొంతు సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. కాబట్టి ఆ మనిషికి ఎదురుగా కూర్చున్నవాళ్ల మాట వినీ వినబడనట్టు అందుతుంది. పైగా ఈ కొలబద్ద మనం వాడే స్కేలు లాంటిది కాదు. ప్రతి 10 డెసిబెల్స్‌కీ శబ్దంలోని శక్తి పది రెట్లు పెరుగుతుంది. 40కీ 60కీ మధ్య తేడా ఇరవై అంకెలే అయినా శక్తిలో అది వంద రెట్లు.

పెద్ద అక్షరాలు అందరికీ సాయం చేయవు

చూపు తగ్గినవాళ్లకు పెద్ద అక్షరాల పుస్తకం ఇస్తే చాలనుకుంటాం. కొందరికి అది నిజంగా వరం. మామూలు పుస్తకాల్లో అక్షరాలు 10 నుంచి 12 పాయింట్లు ఉంటాయి. పెద్ద అక్షరాల ముద్రణ అనేది 16, 18 పాయింట్ల దగ్గర మొదలవుతుంది. మన లిపికి ఇంకో ఇబ్బంది ఉంది. 'ద'కూ 'ధ'కూ, 'ప'కూ 'ఫ'కూ మధ్య తేడా చిన్న గీత. 'కి'కీ 'కీ'కీ మధ్య తేడా పైనున్న చిన్న మెలిక. ఒత్తులు అసలు అక్షరం కన్నా చిన్నగా, కిందకి ఇరుక్కుని ఉంటాయి. అక్షరం ఎత్తు చూసి పెద్దగానే ఉందని మనం అనుకున్నా, ఆ చిన్న గీతలు కనబడకపోతే చదివే మనిషి ప్రతి మాటనూ ఊహించుకుంటూ పోవాలి.

అయితే చూపు ఎక్కడ పోయిందన్నది ఎంత పోయిందన్న దానితో సమానంగా ముఖ్యం. వయసుతో వచ్చే మాక్యులా (కంటి లోపలి తెర అయిన రెటీనా మధ్యభాగం) క్షీణతలో చూపు మధ్యలో పోతుంది, పక్కచూపు మిగులుతుంది. అక్షరం పెద్దదైతే, మిగిలిన పక్కచూపుతో దాన్ని పట్టుకోగలుగుతారు. నీటికాసులు (గ్లకోమా) బాగా ముదిరినప్పుడు, రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బులో దీనికి తలకిందులుగా జరుగుతుంది. చుట్టూ చీకటి పడి, మధ్యలో చిన్న కిటికీ లాంటి చూపు మిగులుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఆ చిన్న కిటికీలో అడ్డంగా 8 అక్షరాలు, నిలువుగా రెండు వరుసలు పడతాయనుకోండి. ఒక్క చూపులో 16 అక్షరాలు అందుతాయి. ఇప్పుడు అక్షరం సైజు రెట్టింపు చేస్తే అడ్డంగా 4, నిలువుగా ఒకే వరుస. ఒక్క చూపులో అందేవి నాలుగంటే నాలుగు. ప్రేమగా కొనిచ్చిన పెద్ద అక్షరాల పుస్తకం ఆ మనిషిని నాలుగో వంతుకు కుదించేసింది. అక్షరానికీ కాగితానికీ మధ్య తేడా స్పష్టంగా ఉండడం, సూటిగా పడే మంచి లైటు ఇలాంటివాళ్లకు సైజు కన్నా ఎక్కువ ఉపయోగపడవచ్చు. అందుకే లో విజన్ నిపుణులు (మిగిలిన కొద్ది చూపును వాడుకోవడం నేర్పేవాళ్లు) కొనే ముందు చదివించి చూస్తారు. ఒక పేజీ ఇచ్చి, చదవడం మొదలుపెట్టి ఎంతసేపటికి అలిసిపోతున్నారో గమనిస్తారు. ఇది ఇంట్లోనూ చేసి చూడొచ్చు.

జబ్బు గురించి చెప్పే పుస్తకంలో ఏం ఉండాలి

ఇక మొదటి రకం. దీని విలువ ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. నాకు తెలిసినంతలో ఇంతకన్నా గట్టి ఉదాహరణ లేదు.

చూపు బాగా తగ్గిన పెద్దావిడ ఒకరోజు గదిలో ఎవరో కొత్తవాళ్లు నిలబడి ఉండడం చూస్తుంది. రంగురంగుల బట్టలు, స్పష్టమైన ముఖాలు. వాళ్లు మాట్లాడరు. కాసేపటికి మాయమవుతారు. ఇంకోరోజు గోడంతా పూల డిజైన్లు కనిపిస్తాయి. తనకు మతి తప్పుతోందేమోనని ఆవిడ భయపడుతుంది, ఎవరికీ చెప్పదు. నోరు జారి చెప్పిన రోజున ఇంట్లోవాళ్లు అంతకన్నా ఎక్కువ భయపడతారు. ఈ స్థితికి చార్లెస్ బోనే సిండ్రోమ్ అని పేరు. స్విట్జర్లాండ్‌కు చెందిన బోనే అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు, చూపు దాదాపు పోయిన తన తాతగారికి కనిపిస్తున్న దృశ్యాల గురించి 1760లోనే రాశాడు. కంటి నుంచి సమాచారం రావడం తగ్గినప్పుడు మెదడు తనంతట తానే దృశ్యాల్ని తయారుచేసుకుంటుంది. ఇది పిచ్చి కాదు. చూస్తున్నవాళ్లకు అవి నిజం కావని సాధారణంగా తెలుస్తూనే ఉంటుంది. వేరే కారణాలు లేవని డాక్టర్ చేత నిర్ధారించుకోవడం ఎలాగూ అవసరమే. కానీ ఈ సంగతి పుస్తకంలో ఒక్క పేజీ చదివి ఉంటే, ఆవిడ నెలల తరబడి ఒంటరిగా మోసిన భయం ఒక్క సాయంత్రంలో దిగిపోయేది.

వినికిడి విషయంలో అలాంటి పేజీ ఇంకొకటుంది. "మాకు కావలసినప్పుడు వినబడదు గానీ, ఆయన గురించి గుసగుసలాడితే వినబడుతుంది" అని పెద్దవాళ్ల మీద ఇంట్లో ఫిర్యాదు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది కీచు స్థాయి శబ్దాల వినికిడి. అచ్చులు బలంగా, మందమైన ధ్వనితో ఉంటాయి కాబట్టి నిలబడతాయి. 'స', 'ష', 'ఫ' లాంటి హల్లులు సన్నగా ఉంటాయి కాబట్టి జారిపోతాయి. మాటకు అర్థం ఇచ్చేవి ఎక్కువగా హల్లులే. అందుకే "వినబడుతోంది, ఏమంటున్నారో తెలియడం లేదు" అనే మాట వస్తుంది. అరిచి చెబితే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, హల్లులు అంతగా తేలవు. పైగా కోప్పడుతున్నట్టు ఉంటుంది. ఎదురుగా కూర్చుని, ముఖం వెలుతురులో ఉంచి, కాస్త నిదానంగా చెప్పడం ఎందుకు పనిచేస్తుందో ఈ కారణం తెలిస్తేనే మనసుకు పడుతుంది. కారణం చెప్పకుండా చిట్కాలు మాత్రమే ఇచ్చే పుస్తకాన్ని వారంలో మరిచిపోతాం.

పుస్తకం అచ్చయిన సంవత్సరం కూడా చూసుకోవాలి. చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) అమర్చడం 1990 తర్వాతే విస్తరించింది. అంతకు ముందు రాసిన పుస్తకంలో దాని గురించి ఉన్నా అది పాత కథే. వంశపారంపర్యంగా చూపు పోయే జబ్బులకు మందే లేదని పాత పుస్తకాలు రాస్తాయి. 2017 డిసెంబరులో అమెరికాలో ఇలాంటి జబ్బుకు మొదటి జన్యు చికిత్సకు అనుమతి వచ్చింది. అయితే అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవాళ్లకే, అదీ రెటీనాలో ఇంకా బతికున్న కణాలు మిగిలి ఉంటేనే. అలాంటి జబ్బులకు కారణమయ్యే జన్యువులు రెండు వందలకు పైగా ఉన్నాయి. "చికిత్స లేదు" అని తేల్చేసిన పుస్తకమూ, "చికిత్స వచ్చేసింది" అని ఆశపెట్టే పుస్తకమూ రెండూ కుటుంబాన్ని తప్పుదోవ పట్టించేవే.

రాసింది డాక్టరా, తల్లా, ఆ మనిషేనా?

డాక్టర్ రాసిన పుస్తకం కంటిని, చెవిని బాగా వివరిస్తుంది. తల్లిదండ్రులు రాసినది ఇంటిని వివరిస్తుంది. ఆ లోపంతో బతుకుతున్న మనిషి రాసిన పుస్తకం లోపలి నుంచి మాట్లాడుతుంది. ఈ మూడో రకాన్ని మనవాళ్లు స్ఫూర్తి కోసం చదివేది అనుకుని పక్కన పెడతారు. అది అన్యాయం అనిపిస్తుంది నాకు.

జాన్ హల్ ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. నడివయసులో చూపు పూర్తిగా పోయింది. రోజులు గడుస్తుంటే తనలో ఏం మారుతోందో టేప్ రికార్డర్‌లో చెప్పుకుంటూ పోయాడు. అదే 1990లో పుస్తకమై వచ్చింది. అందులో వాన గురించి ఒకచోట చెబుతాడు. తలుపు తీసి నిలబడితే వాన పడుతోంది. గడ్డి మీద ఒక చప్పుడు, బాట మీద ఒక చప్పుడు, పొదల మీద ఇంకొకటి. వాటితో తోటంతా ఒక్కసారిగా రూపు కట్టి ముందు నిలబడింది. గదిలో కూడా వాన పడితే బాగుండును, అప్పుడు కుర్చీలూ బల్లలూ అన్నీ తెలిసేవి కదా అనుకుంటాడు. ఈ పేజీ చదివిన ఇల్లాలు ఇంట్లో టీవీ మోత ఎందుకు తగ్గించాలో వేరే చెప్పకుండానే గ్రహిస్తుంది.

కవి డేవిడ్ రైట్ ఏడేళ్ల వయసులో చెవుడు వచ్చినవాడు. చాలాకాలం తనకు వినబడడం లేదన్న సంగతే అతనికి తెలియలేదు. ఎదుటివాళ్ల పెదవులు కదులుతుంటే, తెలిసిన గొంతులు లోపల వినిపిస్తూనే ఉండేవి. ఒకరోజు బంధువుల అబ్బాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. అంతే, నిశ్శబ్దం. మాట వచ్చాక చెవుడు రావడానికీ, పుట్టుకతోనే చెవుడు ఉండడానికీ మధ్య ఎంత దూరం ఉందో దీనివల్ల తెలుస్తుంది. పుట్టుచెవుడు ఉన్న బిడ్డకు ఆ 'గుర్తున్న గొంతు' ఉండదు. అందుకే ఒకరి అనుభవాన్ని ఇంకొకరికి అతికించకూడదు.

హెలెన్ కెల్లర్ ఆత్మకథ 1903లో వచ్చింది. 19 నెలల వయసులో జబ్బు చేసి చూపూ వినికిడీ రెండూ పోయిన ఆమె, అప్పటికి కాలేజీ విద్యార్థిని. అందరికీ తెలిసింది ఆమె రాసిన భాగమే. కానీ ఆ సంపుటంలో ఆమె గురువు యాన్ సలివన్ రాసిన ఉత్తరాలు కూడా ఉన్నాయి. మొండికేసే, ఏడేళ్లు నిండని పిల్లతో భోజనాల దగ్గర జరిగిన పెనుగులాట, ఇంట్లోవాళ్లు జాలితో అడ్డుపడడం, చేతిలో అక్షరాలు రాస్తూ పోయిన వారాలు, అన్నీ అప్పటికప్పుడు రాసినవి. నేర్పించే కుటుంబాలకు ఆ ఉత్తరాలే ఎక్కువ పనికొస్తాయి. గొప్ప విజయగాథ ఒక్కటే చదివి, ఇంట్లో బిడ్డను దానితో పోల్చి బాధపడే తల్లిదండ్రులున్నారు. సలివన్ పడిన కష్టం చదివితే ఆ బరువు కొంచెం దిగుతుంది.

సైగలా, మాటలా: ఏ పుస్తకం ఎటువైపు ఉందో తెలుసుకోవడం

వినికిడి లోపంతో పుట్టిన పిల్లల్లో 90 శాతానికి పైగా, వినికిడి ఉన్న తల్లిదండ్రులకు పుట్టినవాళ్లే. అంటే దాదాపు ప్రతి కుటుంబమూ ఏ అనుభవమూ లేకుండా మొదలుపెడుతుంది. చేతికందిన మొదటి పుస్తకం "సైగలు నేర్పితే మాటలు రావు" అంటుంది. రెండోది "సైగలు నేర్పకపోతే బిడ్డకు భాషే ఉండదు" అంటుంది. తల్లిదండ్రులకు టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ఈ గొడవ పాతది. 1880లో మిలాన్ నగరంలో చెవిటివారి విద్య మీద జరిగిన అంతర్జాతీయ సభ, బడుల్లో సంజ్ఞాభాష కన్నా నోటిమాటే మేలని తీర్మానించింది. ఓటు వేసిన 160 మందికి పైగా ప్రతినిధుల్లో చెవిటివాళ్లు ఒక్కరేనని చరిత్రకారులు చెబుతారు. ఆ తర్వాత చాలా దేశాల బడుల్లో సైగలు నిషేధమయ్యాయి. 1960లో విలియం స్టోకీ అనే పరిశోధకుడు అమెరికన్ సంజ్ఞాభాషను పరిశీలించి, అది చేతులతో చేసే అభినయం కాదని, సొంత నిర్మాణమున్న భాష అని చూపించాడు. 2010లో వాంకూవర్‌లో అదే సభల పరంపర మిలాన్ తీర్మానాల్ని తిరస్కరించి విచారం ప్రకటించింది.

మాట వైపు నిలిచేవాళ్ల వాదనలో బలం ఉంది. చుట్టూ ఉన్న ప్రపంచం మాట్లాడేది నోటి భాష. ఇంప్లాంట్ శబ్దాన్ని పెద్దది చేసే వినికిడి మెషిన్ లాంటిది కాదు, దెబ్బతిన్న భాగాన్ని దాటేసి వినికిడి నరానికి నేరుగా సంకేతం పంపుతుంది. చిన్న వయసులోనే పెట్టి, ఓపికగా శిక్షణ ఇస్తే చాలామంది పిల్లలు చక్కగా మాట్లాడుతున్నారు. సైగల వైపు వాళ్ల వాదనలోనూ అంతే బలం ఉంది. ఇంప్లాంట్ ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. స్నానం చేసేటప్పుడు, నిద్రలో, మెషిన్ పాడైనప్పుడు బిడ్డ మళ్లీ నిశ్శబ్దంలోనే ఉంటాడు. మాట వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే భాష పట్టుబడే తొలి ఏళ్లు దాటిపోతాయి. ఆ నష్టాన్ని తర్వాత పూడ్చడం చాలా కష్టం. వాళ్ల దృష్టిలో చెవుడు బాగుచేయాల్సిన లోపమే కాదు, ఒక భాషా సమాజంలోకి ప్రవేశం కూడా. రెండూ కలిపి నేర్పాలనేవాళ్లు మూడో వరస.

తొలి ఏళ్లలో బిడ్డకు పూర్తిగా అందే భాష ఏదో ఒకటి ఉండి తీరాలన్న దగ్గర మాత్రం వీళ్లందరూ కలుస్తారు. ఆ మాటను మరుగుపరిచి, "మా పద్ధతి కాకుండా వేరేది ప్రయత్నించొద్దు" అనే పుస్తకాన్ని నేనైతే జాగ్రత్తగా చదువుతాను. సంజ్ఞాభాష ప్రపంచమంతా ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వేరే దేశం సైగల బొమ్మలున్న పుస్తకం తెచ్చి నేర్పితే, బిడ్డ పెద్దయ్యాక తన చుట్టూ ఉన్న చెవిటివాళ్లతో మాట్లాడలేకపోవచ్చు.

బ్రెయిలీ ఇంకా అవసరమా?

ఫోన్ చదివి వినిపిస్తుంటే చుక్కలు నేర్చుకోవడం ఎందుకన్నది ఇప్పుడు తరచూ వినబడే ప్రశ్న. లూయీ బ్రెయిలీ 1824లో, 15 ఏళ్ల వయసులో, వేళ్లతో తడిమి చదివే ఆరు చుక్కల లిపిని రూపొందించాడు. ఆరు చుక్కల్ని మార్చి మార్చి పొడిస్తే 63 గుర్తులు వస్తాయి. మన అక్షరాలకూ ఇవే సరిపోతాయి, కాకపోతే గుణింతం విడిపోతుంది. కాగితం మీద 'కి' ఒక్క అక్షరం, బ్రెయిలీలో 'క' ఒక గడి (ఆరు చుక్కలు పట్టే చోటు), పక్కన 'ఇ' ఇంకో గడి.

ఆడియో సులువు, వేగం. పెద్ద వయసులో చూపు పోయినవాళ్లకు అదే దారి చాలాసార్లు. ముఖ్యంగా షుగర్ వల్ల చూపు పోయినవాళ్లలో కొందరికి వేళ్ల స్పర్శ కూడా తగ్గి ఉంటుంది, చుక్కలు తగలవు. చిన్నపిల్లల సంగతి వేరు. విని నేర్చుకున్న బిడ్డకు మాట తెలుస్తుంది. ఆ మాటను ఏ అక్షరాలతో రాస్తారు, వాక్యంలో కామా ఎక్కడ పెడతారు అన్నది తెలియదు. లెక్కల్లో సమీకరణం విని గుర్తుపెట్టుకోవడం ఎంత కష్టమో ఒకసారి ఊహించండి. వినడం అక్షరాస్యత కాదని బ్రెయిలీ సమర్థకులు అనేది ఇందుకే.

బ్రెయిలీకి ఉన్న పెద్ద కష్టం బరువు. మామూలు బ్రెయిలీ పేజీలో 25 వరుసలు, వరుసకు 40 గళ్లు, మొత్తం వెయ్యి గళ్లు. 300 పేజీల నవలలో పేజీకి 1,800 గుర్తులు అనుకుంటే 5,40,000 అవుతాయి. అంటే కనీసం 540 బ్రెయిలీ పేజీలు. మందమైన కాగితం, పొడుచుకొచ్చిన చుక్కలు కాబట్టి అవి ఒక సంపుటంలో పట్టవు. మంచం పక్కన పెట్టుకునే నవల ఒక అరను ఆక్రమిస్తుంది.

ఫైల్ ఉంది, అయినా చదవడం కుదరదు

అచ్చయిన పుస్తకాల్లో చూపులేనివాళ్లు చదవగలిగే రూపంలోకి వచ్చేవి పదో వంతు కూడా లేవని ప్రపంచ అంధుల సంఘం అంటుంది. దీన్నే పుస్తకాల కరువు అన్నారు. ఒక దేశంలో తయారైన బ్రెయిలీ ప్రతిని ఇంకో దేశానికి పంపడానికి కాపీరైట్ అడ్డొచ్చేది. 2013 జూన్ 27న కుదిరిన మర్రకేష్ ఒప్పందం, అందులో చేరిన దేశాల మధ్య ఆ అడ్డు తీసేసింది. కాకతాళీయమే గానీ, అది హెలెన్ కెల్లర్ పుట్టినరోజు. ఆ ఒప్పందాన్ని ఆమోదించిన మొదటి దేశం భారతదేశం. 2016 సెప్టెంబరు 30 నుంచి అది అమల్లో ఉంది. అంధులు, చూపు తగ్గినవాళ్లు, అచ్చు చదవడంలో లోపం ఉన్నవాళ్లు, శరీర వైకల్యం వల్ల పుస్తకం పట్టుకోలేనివాళ్లు దీని కిందికి వస్తారు. అనుమతి పొందిన గ్రంథాలయాలు, సంస్థలు ప్రచురణకర్త అనుమతి లేకుండానే చదవగలిగే ప్రతులు చేసి, దేశాల మధ్య పంచుకోవచ్చు. వినికిడి లోపం ఒక్కటే ఉన్నవాళ్లు ఇందులోకి రారు.

చట్టం దారి తెరిచినా ఫైల్ సరిగా ఉండాలి. పుస్తకాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే అది అక్షరాల బొమ్మ. తెరను చదివే స్క్రీన్ రీడర్‌కు అందులో అక్షరమే కనబడదు. ఫైల్‌లో ఒక వాక్యం మీద వేలు నొక్కి పట్టి ఎంచుకోవడానికి ప్రయత్నిస్తే తెలిసిపోతుంది. మాట ఎంపికైతే అది టెక్స్ట్, పేజీ అంతా ఒక ముక్కలా ఉంటే బొమ్మ. తెలుగులో ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర పద్ధతి) కాని పాత ఫాంట్లతో చేసిన ఫైళ్లలో మాట ఎంపికవుతుంది, కంటికి తెలుగులాగే కనబడుతుంది. స్క్రీన్ రీడర్ మాత్రం అర్థంలేని గుర్తులు చదువుతుంది. ఫైల్‌లోంచి ఒక లైను కాపీ చేసి మెసేజ్‌లో అతికిస్తే, తెలుగులోనే వచ్చిందా లేదా అన్నది క్షణంలో బయటపడుతుంది.

పిల్లలతో కలిసి చదివేటప్పుడు

వినబడే బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మ మీద వేలు పెట్టి "ఇదిగో కుక్క" అంటాం. బిడ్డ కళ్లు బొమ్మ మీద, చెవులు మన మాట మీద ఉంటాయి. చెవిటి బిడ్డకు రెండు పనులూ కళ్లే చేయాలి. బొమ్మ చూస్తున్నప్పుడు మన చెయ్యి కనబడదు, చెయ్యి చూస్తే బొమ్మ తప్పిపోతుంది. చెవిటి తల్లిదండ్రులు దీన్ని ఎలా దాటుతారో గమనించి పరిశోధకులు రాశారు. వాళ్లు ఎదురుగా కూర్చుంటారు. బొమ్మను బిడ్డ తనివితీరా చూసేదాకా ఆగుతారు. బిడ్డ తలెత్తాక సైగ చేస్తారు. ఒక్కోసారి సైగను పుస్తకం మీదే, బొమ్మ పక్కనే చేస్తారు. బిడ్డ భుజం మీద మెల్లగా తడతారు. కథ నెమ్మదిగా నడుస్తుంది, అదే దాని వేగం. వినికిడి ఉన్న తల్లిదండ్రులు ఆ విరామాన్ని భరించలేక పేజీ తిప్పేస్తారు.

చూపులేని బిడ్డకు ఉబ్బెత్తు బొమ్మల పుస్తకాలు ఇస్తుంటారు. కానీ ఏనుగు చుట్టూ గీసిన ఉబ్బెత్తు గీతను వేలితో తడిమితే ఏనుగు తెలియదు. ఆ గీత కంటి కోసం పుట్టింది. పుస్తకంతో పాటు ఒక సంచీ ఉంచడం మేలు. కథలో తాళంచెవి వస్తే అందులోంచి నిజమైన తాళంచెవి తీసి ఇవ్వాలి, ఈక వస్తే ఈక. కొన్నాళ్లకు బిడ్డే ముందుగా సంచీలో చెయ్యి పెట్టి తర్వాత ఏం జరగబోతోందో చెబుతాడు. చూపున్న తమ్ముడో చెల్లో పక్కన చేరితే వాళ్లకూ అదే కథ అవుతుంది.

రెండూ తగ్గినప్పుడు

చెవుడు మీద రాసిన ప్రతి పుస్తకమూ "ముఖం చూస్తూ మాట్లాడండి" అంటుంది. చూపు మీద రాసిన ప్రతి పుస్తకమూ "గొంతుతో చెప్పండి, వినిపించండి" అంటుంది. ఒకటి పోయినా ఇంకొకటి ఉందన్న నమ్మకం మీద రెండూ నిలబడ్డాయి. అషర్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో చాలామందికి పుట్టుకతోనే వినికిడి లోపం ఉంటుంది, పెరిగేకొద్దీ పక్కచూపు కూడా కుంచించుకుపోతుంది. వయసు మీదపడి రెండూ మందగించినవాళ్లయితే ఇంకా ఎక్కువ. ఆ రెండు పుస్తకాలనూ కలిపి చదివితే వీళ్లకు కావలసింది రాదు. చేతిలో అక్షరాలు రాయడం, చేతిని చేతితో పట్టుకుని సైగలు చదవడం, స్పర్శతో ఆనవాళ్లు ఏర్పరచుకోవడం వేరే విద్యలు. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ల కోసం ప్రత్యేకంగా రాసిన పుస్తకాల్లోనే అవి దొరుకుతాయి.

చదువుకోవడానికి మాత్రం, రెండూ దాదాపుగా పోయినవాళ్లకు ఆడియో లేదు, పెద్ద అక్షరాలు లేవు, బ్రెయిలీ ఒక్కటే మిగులుతుంది. ఫోన్‌కు కలిపే బ్రెయిలీ డిస్‌ప్లే అనే పరికరం మీద చిన్న చిన్న పిన్నులు పైకి లేచి దిగుతూ, ఫైల్‌లోని ఒక్కో వరుసను వేళ్లకు అందిస్తాయి. టెక్స్ట్ సరిగా ఉన్న ఈ-పుస్తకం ఒకటుంటే చాలు. మొదట చెప్పుకున్న తండ్రి దాన్ని అక్షరాలు పెంచుకుని చదవొచ్చు, అమ్మ చెవికి పెట్టుకుని వినొచ్చు, చూపూ వినికిడీ తగ్గిన మేనత్త అదే అధ్యాయాన్ని అదే సాయంత్రం వేళ్లతో చదువుకుని, చివర్లో హంతకుడు ఎవరో ముందే చెప్పేయొచ్చు.